న్యూయార్క్ టెనెమెంట్ మ్యూజియం: లిఫ్టు లేని ఇంటి కథ

న్యూయార్క్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే మనవాళ్లకి ప్రకటనల్లో ‘వాకప్’ అనే మాట తగలకుండా ఉండదు. లిఫ్టు లేదు, ఐదో అంతస్తయినా మెట్లెక్కి పోవాల్సిందే అని అర్థం. ఆ మాట వెనకున్న కథ కావాలంటే మాన్‌హాటన్‌లో 97, ఆర్చర్డ్ స్ట్రీట్‌లో ఉన్న టెనెమెంట్ (చాలా కుటుంబాలు ఇరుకు వాటాల్లో అద్దెకుండే భవనం) మ్యూజియం తప్పకుండా చూడండి, నాకైతే చాలా నచ్చింది.

1863లో కట్టిన ఐదంతస్తుల ఇటుక భవనం. గైడ్ తోడుంటేనే లోపలికి వెళ్లనిస్తారు, అదే మేలు, ఎందుకంటే ఏ గదిలో ఎవరున్నారో చెప్పేవాళ్లు లేకపోతే అవి ఖాళీ గదులే. ఒక్కో వాటా సుమారు 325 చదరపు అడుగులు, అందులోనే మూడు గదులు. లోపలి గదులకి కాస్త వెలుతురు రావాలని గదికీ గదికీ మధ్య గోడలోనే కిటికీ పెట్టారు. మొదట్లో ఇంట్లో కుళాయి లేదు, మరుగుదొడ్లు పెరట్లో. 1869లో పై అంతస్తులో కాపురమున్న మూర్ అనే ఐరిష్ కుటుంబం వంటకీ ఉతుకుకీ ప్రతి చుక్కా కింది నుంచి మోసుకోవాల్సిందే. ఆ ఇరుకు మెట్ల మీద చెక్క రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నిండు బకెట్‌తో ఎలా ఎక్కేవాళ్లో అనిపిస్తుంది.

అప్పటికి లిఫ్టు పుట్టలేదా అంటే, పుట్టింది. నడిచి వెళ్లేంత దూరంలోనే, బ్రాడ్‌వేలో పింగాణీ సామాన్లమ్మే హావట్ షాపులో 1857లోనే ఓటిస్ లిఫ్టు పెట్టారు, అదీ ఐదంతస్తుల భవనమే. సామాన్లు కొనేవాళ్లకి లిఫ్టు, అద్దెకుండేవాళ్లకి మెట్లు. ఇళ్లన్నిటికీ మెట్లే ఉన్నంతకాలం ఇలాంటి ఇంటికి వేరే పేరు అవసరం పడలేదు. లిఫ్టున్న అపార్ట్‌మెంట్లు పెరిగాక, 20వ శతాబ్దం మొదట్లో, నడిచి పైకెక్కేది కాబట్టి వాకప్ అన్నారు. వేడినీళ్ల కుళాయి మామూలైపోయాక అది లేని ఇల్లు ‘కోల్డ్ వాటర్ ఫ్లాట్’ అయింది కదా, ఇదీ అంతే.

1935లో నిబంధనల ప్రకారం మార్పులు చేయించే బదులు యజమాని అద్దెవాళ్లని ఖాళీ చేయించి, కింది షాపులు మాత్రం నడిపించాడు. అందువల్లే 1988లో మ్యూజియం పెట్టినవాళ్లు చూసేదాకా పై అంతస్తులు అలాగే ఉండిపోయాయి, వాల్‌పేపర్ పొరల మీద పొరలతో సహా.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే ఒక్క మాట: సందర్శకులు ఇప్పటికీ ఈ మెట్లే ఎక్కాలి. పక్కనే 103 నంబరు భవనంలో లిఫ్టుంది, టికెట్ కొనేటప్పుడే అక్కడి టూర్ అడగండి.