జీపు ఇరుసు మార్చమంటే ఒప్పుకునే ముందు ఇది చదవండి: అనంతపురంలో నాకు జరిగింది

పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోయే) జీపులు వాడుతున్న అన్నలకు, తమ్ముళ్ళకు చెప్తున్నా. "వెనక ఇరుసు అయిపోయింది, రిపేరు దండగ, పెద్దది వేసేద్దాం" అని ఏ షెడ్డులో ఎవరు చెప్పినా ఆ పూటకు ఒప్పుకోవద్దు. అంతకంటే ముఖ్యం, మీ పాత ఇరుసు వాళ్ళ చేతిలో పెట్టి రావద్దు. నేను ఈ రెండు తప్పులూ చేసి 50 వేలకు పైగా పోగొట్టుకున్నాను. ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నా.

మాది పుట్లూరు వైపు చీనీ తోట. నాయన కాలం నుంచి మహీంద్రా సీజే 3బి జీపు ఉంది. తోటకు పోవాలంటే వంక (వాగు) దాటాలి. వంకలో చక్రం సగం దిగే ఇసుక, గట్టెక్కగానే బండ నేల. డ్రిప్పు పైపులు, ఎరువు మూటలు, కోతప్పుడు కాయలు, అన్నీ దాంట్లోనే. కొన్నాళ్ళుగా గేరు వేసి క్లచ్ వదిలితే వెనక కుడి చక్రం దగ్గర 'టక్' మనేది. రివర్స్ వేస్తే ఇంకోసారి టక్. నడిచేటప్పుడు మాత్రం ఏ మోతా లేదు.

అనంతపురం టౌన్ బయట ఒక షెడ్డుకు తీసుకుపోయాను. పేరు రాయను. మెకానిక్ జాకీ పెట్టి చక్రం నాలుగుసార్లు ఊపాడు. హబ్ (చక్రం బిగించే భాగం) విప్పలేదు, ఆయిల్ ప్లగ్గు తీసి చూడలేదు. "అన్నా, ఇది ఇంగ పనికిరాదు. స్పేర్లు యాడా దొరకవు. పికప్ బండి హౌసింగు (ఇరుసు గూడు) ఉంది, దీనికంటే లావు. వేసేస్తే మళ్ళా చూసుకునే పనే ఉండదు" అన్నాడు. ఫిట్టింగుతో కలిపి 40 వేలు. పాత ఇరుసు వదిలేస్తే 6 వేలు తగ్గిస్తానన్నాడు. లావు ఇరుసు అంటే గట్టిదే కదా అనుకుని సరే అన్నాను.

బండి తెచ్చుకున్న రోజు తారు రోడ్డు మీద బాగానే ఉంది. అరవై దాటితే కింద నుంచి వణుకు వచ్చింది. అడిగితే "కొత్తది కదన్నా, సర్దుకుంటుంది" అన్నాడు. నాలుగో రోజు నాయనను పక్కన కూర్చోబెట్టుకుని తోటకు పోయాను. వంకలో ఫోర్ బై ఫోర్ వేశాను, ఇసుకలో దాటింది. గట్టెక్కి బండ మీదికి రాగానే స్టీరింగు బిగుసుకుపోయింది. ముందు చక్రాలు దొర్లడం మాని ఈడ్చుకుంటున్నట్టు టైర్లు కీచుమన్నాయి. ఫోర్ బై ఫోర్ లివర్ వెనక్కి లాగితే రాలేదు, రెండు చేతులతో లాగినా రాలేదు. ఇంకో పది గజాలు పోయేసరికి కింద 'ఫట్' మని ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు బలం తీసుకుపోయే పొడుగు కడ్డీ) క్రాస్, అంటే దాని కీలు, తెగింది. షాఫ్ట్ చివర ఊగుతూ ఫ్లోర్ రేకును కింద నుంచి కొట్టింది. ఆ రేకు మీదే నాయన కాళ్ళు ఉన్నాయి. ఆయనకు దెబ్బ తగల్లేదు, అంతే చాలు. దిగి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) మీద చెయ్యి పెడితే పెట్టలేనంత వేడి.

తాడిపత్రిలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, పాత జీపులు తప్ప వేరే బండి ముట్టుకోడు. ట్రాక్టరుతో అక్కడికి లాక్కుపోయాం. ఆయన కిందికి దూరి చూసి "ముందు దానికీ వెనక దానికీ లెక్క కుదిరిందా లేదా చూసినారా నాయనా?" అని అడిగాడు. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

ఆయన చేసి చూపించింది చెప్తా, ఈ పోస్టులో మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. వెనక ఒక చక్రాన్ని మాత్రం పైకి లేపి స్టాండు మీద నిలబెట్టాడు, రెండోది నేల మీదే. మిగతా చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు గట్టిగా పెట్టించాడు, ఎందుకంటే ఈ జీపులో హ్యాండ్ బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వదలాలి. గేరు, ట్రాన్స్‌ఫర్ రెండూ న్యూట్రల్. టైరు మీద ఒక సుద్ద గీత, షాఫ్ట్ మీద ఒక గీత. లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పాడు (రెండో చక్రం ఆగి ఉంది కాబట్టి ఈ రెండు చుట్లు రెండు చక్రాలూ కలిసి తిరిగే ఒక చుట్టుకు సమానం), నన్ను షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టమన్నాడు. నాలుగు చుట్లు దాటి కొంచెం. ముందు వైపూ అలాగే చేస్తే అయిదు దాటి మూడో వంతు పైనే తిరిగింది. తర్వాత విప్పి పళ్ళు లెక్కపెడితే ముందు క్రౌన్‌కు (ఇరుసు లోపలి పెద్ద పళ్ళ చక్రం) 43, పినియన్‌కు (దాన్ని తిప్పే చిన్నది) 8, అంటే 5.38. కొత్తగా వేసిన వెనక దానికి 41, 10, అంటే 4.10. ఆయన అడిగిన లెక్క ఇదే.

ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు ఈ జీపులో ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో తేడా సర్దేది ఏమీ లేదు. నా బండిలో వెనక చక్రాలు 100 చుట్లు తిరిగేసరికి ముందువి 76 చుట్లే తిరగగలవు. ఇసుకలో టైరు జారుతుంది కాబట్టి తెలియలేదు. బండ మీద జారే చోటు లేక ఆ బిగువంతా క్రాసుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ళ మీద పడింది. వణుకుకూ కారణం ఉంది. సీజే 3బి ట్రాన్స్‌ఫర్ నుంచి వెనక షాఫ్ట్ కుడి పక్కకు జరిగి బయటికొస్తుంది, అసలు ఇరుసు గుండు (లోపల క్రౌన్, పినియన్ ఉండే ఉబ్బు భాగం) కూడా కుడివైపే ఉంటుంది. వీళ్ళు వేసిన దాని గుండు నడిమధ్య ఉంది, షాఫ్ట్ అడ్డంగా వంకరగా తిరుగుతోంది. కమాన్ కట్టలు కూర్చునే పీటలు కూడా హౌసింగుకు వంకరగా వెల్డింగ్ చేశారు.

మరి మొదట వచ్చిన 'టక్' సంగతి? ఈ జీపుల్లో వెనక ఇరుసు లోపల చక్రాన్ని తిప్పే షాఫ్ట్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కాదు) చివర కోసుగా ఉంటుంది. హబ్ దాని మీద ఎక్కి, చిన్న కీ ముక్కతో పట్టుకుని, నట్టుతో బిగుస్తుంది. నట్టు వదులైతే కీ దారి అరిగి, బండి కదిలినప్పుడల్లా టక్ మంటుంది. షాఫ్ట్, కీ, బేరింగు, సీలు మారిస్తే పోయేది. ఆ ముసలాయన లెక్కలో మజూరీతో కలిపి 9 వేల పని. క్రౌన్ పినియన్ పాడై ఉంటే నడిచేటప్పుడు మోత వచ్చేది, నూనెలో రజను కాదు, రేకు ముక్కలు ఉండేవి. నా పాత నూనెలో ఏముందో ఎవరూ చూడలేదు. చూద్దామంటే ఇరుసే లేదు. షెడ్డుకు పోయి అడిగితే "అది అప్పుడే స్క్రాపుకు పోయింది" అన్నాడు. నా కడుపు మండింది ఇక్కడే. డబ్బులకంటే ఎక్కువ.

ఇరుసు మార్చడమే తప్పు అని నేను అనను. బాగా పెద్ద టైర్లు వేసుకుని రాళ్ళెక్కించే వాళ్ళకు, మంచి షాఫ్ట్ వేసినా మళ్ళీ మళ్ళీ అదే చోట విరిగేవాళ్ళకు, హౌసింగే వంగిపోయిన వాళ్ళకు మార్పు అవసరమే. అప్పుడు కూడా ముందూ వెనకా కలిపి ఆలోచించాలి. ఒకదాని లెక్క మారిస్తే రెండోదీ మార్చాలి. క్రౌన్, పినియన్ జతగా అరగదీసి వస్తాయి, రెండింటి మీద ఒకే నంబరు చెక్కి ఉంటుంది. నంబర్లు కలవకపోతే కొనొద్దు. బిగించాక పళ్ళకు రంగు పూసి తిప్పించి అచ్చు ఎక్కడ పడిందో చూపించమనండి, పంటి మధ్యలో పడాలి. చూపించనంటే బండి అక్కడ వదలొద్దు. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. వేరే బండి భాగాలు వేయించే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర అడగండి. యాక్సిడెంటు అయ్యాక అడిగితే లాభం లేదు.

బిల్లు విషయంలోనూ మోసపోయాను. షెడ్డువాడు తెల్ల చిట్టీ మీద మొత్తం రాసిచ్చాడు, ఇరుసు ఏ బండిదో, పళ్ళ లెక్క ఎంతో లేదు. ఫోన్‌లో కట్టిన డబ్బు రికార్డు ఉంది, పీకిన క్రౌన్ ఫొటోలు ఉన్నాయి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. దారికి రాకపోతే జిల్లా కమిషన్‌కు పోతాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ఇలాంటిదే జరిగిన వాళ్ళు చిట్టీ ముక్క కూడా పారేయకండి.

చివరికి కర్నూలులో పాత సామాన్ల దగ్గర అసలు ఇరుసు దొరికింది. ఈసారి డబ్బు తీసే ముందు కవర్ విప్పించి పళ్ళు నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను. 43, 8. బిగించింది తాడిపత్రి పెద్దాయనే. కోసు షాఫ్ట్ ఉన్న జీపులు వాడేవాళ్ళు వంద కిలోమీటర్లు తిరిగాక హబ్ నట్టు మళ్ళీ బిగించండి. స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా పెట్టేది) రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలే గానీ వదులు చేయకూడదు. నాది మొన్న బిగిస్తే పావు చుట్టు తిరిగింది.