లేక్ లేనియర్: డెక్ మీద కాఫీ, చెవుల్లో ఇంజిన్లు

అమెరికా స్వాతంత్ర్య దినం, జూలై 4 సెలవుల్లో లేక్ లేనియర్‌కి వెళ్లడం నా బుద్ధితక్కువ. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి నెలైంది. అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో మా ఇంటి గోడలు చూసీ చూసీ విసిగిపోయారు. సరస్సేమో ఇరవై నిమిషాల దూరం. ఒడ్డునే ఇల్లు, డెక్ మీద ఊగే కుర్చీలు. ఫొటోలు చూసి రెండు రాత్రులకు బుక్ చేసేశాను.

మొదటిరోజు పొద్దున తొమ్మిదిన్నర దాకా స్వర్గమే. తర్వాత మొదలైంది. మా ఇల్లు దక్షిణం వైపు, బ్యూఫర్డ్ డ్యామ్‌కి దగ్గర. సరస్సు వెడల్పుగా ఉండేది, పెద్ద బోట్లు తిరిగేది అక్కడే. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ల బోట్లు రెండు ఎగిరెగిరి పడుతూ పోయాయి. స్టీలు గ్లాసులో కాఫీ మీద సన్నగా వలయాలు లేచాయి. నాన్న ఏమీ అనకుండా చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. కాసేపాగి, "మన గోదావరి లాంచీయే నయంరా, దాని డుబడుబకి నిద్రైనా పట్టేది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది ఇంకొందుకు. మామూలు బోట్లలో ఇంజిన్ పొగ నీటి అడుగునుంచి పోతుంది, మోత చాలావరకు నీళ్లే మింగేస్తాయి. ఈ రకం వాటికి గొట్టాలు నీటి పైకే ఉంటాయి. కొన్నింటికైతే పైకా, కిందకా అని మార్చుకునే స్విచ్ కూడా ఉంటుంది. అంటే ఆ చప్పుడు సరదా పడి తెచ్చుకున్నదన్నమాట.

ఒడ్డుకి, బోట్లు కట్టేసే డాక్‌కి 100 అడుగుల లోపు మెల్లగా పోవాలని జార్జియా రాష్ట్ర చట్టం. దాటాక గేట్లెత్తినట్టే. పొద్దుగూకాక నీటి మీద బైకుల్లాంటి జెట్ స్కీలు నడపకూడదు కాబట్టి ఆ జోరీగల గోల ఆగింది. బోట్లకి ఆ నిబంధన లేదు. పైగా సాయంత్రం నీటి మీద గాలి చల్లబడితే శబ్దం ఇంకా దూరం పాకుతుంది. రాత్రి పదింటికి ఎక్కడో తెప్పలాంటి పాంటూన్ బోటు మీద స్పీకర్లలో తెలుగు పాటలు. అమ్మ మొదట మురిసిపోయింది, నాలుగో పాటకి తలుపేసేసింది. మనవాళ్లేం తక్కువ తినలేదు.

ఇంటి యజమానికి మెసేజ్ పెడితే "లేక్ అంటే అంతే కదా" అని జవాబు. వంటగది, పడకలు, శుభ్రం, వేటికీ వంక పెట్టను. కానీ ఆ అద్దెకి నిద్ర కూడా కలిసి రావాలి.

రెండోరోజు డ్యామ్ దిగువన లోయర్ పూల్ పార్క్‌కి వెళ్లాం. అక్కడ చట్టహూచీ నది. నీళ్లు డ్యామ్ అడుగునుంచి వస్తాయి కాబట్టి జూలైలోనూ కాళ్లు జివ్వుమంటాయి. నీళ్లు వదిలేముందు సైరన్ మోగిస్తారు, వినగానే ఒడ్డెక్కేయాలి. ఆ ట్రిప్ మొత్తంలో మాకు పనికొచ్చిన చప్పుడు అదొక్కటే.

పట్టు వదలక రెండు వారాల తర్వాత, మంగళవారం, ఉత్తరపు కొసన డాన్ కార్టర్ స్టేట్ పార్క్‌లో కాటేజీ తీసుకున్నాం. 38,000 ఎకరాల సరస్సు అక్కడికొచ్చేసరికి నదిలా సన్నబడుతుంది. అక్కడా బోట్లు దింపే ర్యాంప్ ఉంది, పూర్తిగా నిశ్శబ్దం అనను. వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువగా చేపలు పట్టేవాళ్లే. ఇల్లు వెతికేటప్పుడు ఫొటోలు పక్కనపెట్టి మ్యాప్ చూడండి, లోపలికి చొచ్చుకుపోయిన సన్నటి పాయలో ఉందో లేదో. మెమోరియల్ డే (మే చివర), జూలై 4, లేబర్ డే (సెప్టెంబర్ మొదట్లో) వారాంతాలు వదిలేయండి.

ఆ రాత్రి చీకట్లో ఏదో ఆగకుండా కూసింది. అది పిట్టని నాన్న, కప్పని అమ్మ. నాన్న జేబులోంచి చెవి మిషను తీసి పెట్టుకుని, నన్ను ఫోన్ పక్కన పెట్టమన్నారు.