గుంటూరు కారం ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్: రెండున్నరేళ్ళు వాడాక

మాది గుంటూరు జిల్లా. నాన్న మిరప వేసినన్నాళ్ళూ బెంగళూరుకి కారం ఇంటి నుంచే వచ్చేది, ఏ చేలో కాసిందో అడగాల్సిన పనే లేదు. నాన్న సాగు మానేశాక మారతహళ్ళిలో కొట్టు కారం మీద పడ్డాం. ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు ఎక్కడిదో తెలీదు. 2005లో బ్రిటన్‌లో సుడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు కలిసిన కారం వల్ల వందల రకాల సరుకు దుకాణాల నుంచి వెనక్కి తీయించారని చదివినప్పటి నుంచీ నాకు ఈ విషయంలో టెన్షన్ ఎక్కువే.

అప్పుడు దొరికింది ఈ ప్యాకెట్. పేరు చెప్పను, ఒక చిన్న కంపెనీ, రైతు సంఘాల దగ్గర కొని పట్టించి అమ్ముతుంది. అరకిలో 320, మామూలుది 210కే వస్తుంది. కోడ్ స్కాన్ చేస్తే ఏ మండలం, ఏ రైతు సంఘం, ఎన్నో కోత, కల్లంలో ఎన్ని రోజులు ఎండింది, కోల్డ్ స్టోరేజీలో ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు, మిల్లు తేదీ, అన్నీ వరసగా వస్తాయి. ఇవన్నీ బ్లాక్‌చెయిన్‌లో, అంటే పలువురి దగ్గర ప్రతులుండే కంప్యూటర్ ఖాతా పుస్తకంలో, రాస్తామంటారు కంపెనీవాళ్ళు. ల్యాబ్ రిపోర్టు కూడా తెరుచుకుంటుంది, నాకు అన్నిటికన్నా విలువైనది అదే. కాయ సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, అది కంటికి కనపడదు, వాసనకీ తెలీదు.

ఒకసారి కోత నెల ఆగస్టు అని వచ్చింది. ఆగస్టులో మా వైపు నారు పోసుకోవడం, నాట్లు, అంతే. కోతలంటే సంక్రాంతి దాటాకే జోరు. ఫోన్ చేస్తే, కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు తీసిన తేదీని కోత తేదీ గడిలో ఎక్కించారని ఒప్పుకున్నారు. నాలుగు రోజుల తర్వాత స్కాన్ చేసి చూస్తే పాత తప్పు అలాగే ఉంది, దాని కింద సవరణ, ఎవరు ఎప్పుడు చేశారన్నదీ ఉంది. బ్లాక్‌చెయిన్ అంటే నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే. ఒక్కో నమోదుకీ దాని ముందుదాని నుంచి లెక్కగట్టిన గుర్తు తగిలించి ఉంటుంది, వెనక ఒక్క అక్షరం మార్చినా తర్వాతవన్నీ లెక్క తప్పి దొరికిపోతాయి. అందుకే చెరపలేరు, కింద రాయాలంతే. తప్పు కనపడ్డాక నా నమ్మకం పెరిగింది.

కానీ ఆ లెక్క రాసినదాన్ని కాపాడుతుందే తప్ప, రాసింది నిజమో కాదో చెప్పలేదు. నాన్నకి ఇదంతా చెబితే ఒకటే అడిగారు: "టిక్కీలో తాలుకాయ కలిపితే నీ ఫోనుకి తెలుస్తుందా అమ్మాయ్?" టిక్కీ అంటే మిరప బస్తా, తాలుకాయ అంటే రంగు పోయిన నాసి కాయ. తెలీదు. మొదటి నమోదు చేసే మనిషి కల్లం దగ్గర నిలబడి చేస్తున్నాడా, ఆఫీసులో కూర్చుని చేస్తున్నాడా అన్నదే అసలు సంగతి. ఇంకొకటి, ఈ పుస్తకం ప్రతులు ఎవరెవరి దగ్గర ఉన్నాయని అడిగితే కంపెనీ, మిల్లు, ల్యాబ్ అన్నారు. సంఘం దగ్గర లేదు. ఉండాలి. అన్ని ప్రతులూ ఒకే చేతిలో ఉంటే అది మామూలు కంప్యూటర్ ఖాతాతో సమానం.

చిన్న చికాకులు కూడా ఉన్నాయి. కోడ్ ప్యాకెట్‌కి ఒకటి కాదు, లాట్ మొత్తానికీ ఒకటే, ఎవరైనా దాన్ని ఫోటో తీసి వేరే సరుకుకి అంటించుకోవచ్చు. పోయిన వేసవిలో పది రోజులు పేజీ తెరుచుకోలేదు. వివరాలు ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ఉంటాయి, పండించినవాళ్ళ భాషలో లేవు!

కంపెనీవాళ్ళు వాల్‌మార్ట్ కథ చెబుతారు. మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోటదో కనుక్కోవడానికి దాదాపు 7 రోజులు పట్టేది, ఐబీఎంతో కలిసి బ్లాక్‌చెయిన్ పెట్టి చూస్తే 2.2 సెకన్లు పట్టింది. నిజమే, కల్తీ బయటపడ్డ రోజు ఆ వేగం ప్రాణాలు కాపాడుతుంది. మన దగ్గర కూడా 2021లో కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ కలిసి ఆంధ్రా మిరప, పసుపు రైతుల కోసం ఇలాంటిదే కడతామని ఒప్పందం చేసుకున్నాయి. నాకు కావల్సింది వేగం ఒక్కటే కాదు.

కొంటూనే ఉన్నాను. ఈసారి ఆవకాయకి మూడు కిలోలు తెప్పించాను, మార్చి కోత, రంగూ ఘాటూ రెండూ బాగున్నాయి, పక్క ఫ్లాట్ నెల్లూరు అక్క కూడా తెప్పించుకుంది. జాడీకి వాసెన కడుతూ నాన్నకి ఫోన్ చేసి స్కాన్‌లో వచ్చిందంతా చదివి వినిపిస్తే, అంతా విని, "క్వింటా ఎంతకి కొన్నారో ఉందా అందులో?" అన్నారు. లేదు. కాయ ఎక్కడెక్కడ తిరిగిందో అన్నీ ఉన్నాయి, రైతుకి ఎంత ముట్టిందో లేదు. ఆ గడి కూడా పెట్టమని కంపెనీకి రెండుసార్లు రాశాను. మొదటిసారి చూస్తామన్నారు. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు, వచ్చే సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాను.