జుమ్మేరాత్ బజార్ ఇత్తడి టేబుల్ ల్యాంపు: ఒంటికి మార్కులు, వైరింగుకు సున్నా

హైదరాబాద్ పురానాపూల్ దగ్గర గురువారం సంతలో పాత ఇత్తడి టేబుల్ ల్యాంపులు దొరుకుతుంటాయి. అడుగున్నర ఎత్తు, గుండ్రటి పీట, నడుమ కలశంలా ఉబ్బిన కాడ, పైన పిన్ను హోల్డరు. షేడ్ సాధారణంగా ఉండదు, ఉన్నా పనికిరాదు. గట్టిగా బేరమాడితే ఐదారు వందలకు ఇస్తారు. ఆ డబ్బు ఇత్తడికి ఇస్తున్నట్టే లెక్క. వైరు, హోల్డరు, స్విచ్, ప్లగ్గు అన్నీ చెత్తబుట్టకే. "సార్, వెలుగుతుంది చూడండి" అని అమ్మేవాడు బల్బు పెట్టి చూపిస్తాడు. దానికి విలువేమీ లేదు, పెచ్చులూడిన వైరుతో కూడా బల్బు వెలుగుతుంది.

కొనేముందు జేబులో చిన్న అయస్కాంతం ఉండాలి. ఇనుము మీద ఇత్తడి పూత వేసిన సరుకు చాలా తిరుగుతోంది. అయితే అయస్కాంతాన్ని కాడకు ఆనించి తేల్చేయొద్దు. లోపల ఇనుప మరగొట్టం (కాడ ముక్కల్ని కలిపి బిగించే మరల గొట్టం, వైరు దీనిలోంచే పోతుంది) ఉంటుంది, పీట కింద బరువు కోసం ఇనుప బిళ్ల ఉండొచ్చు, అవీ లాగుతాయి. పీట అంచు దగ్గర, కలశం ఉబ్బు మీద పెట్టి చూడండి. అక్కడ అంటుకుంటే వదిలేయండి, పూత ల్యాంపును తోమితే మెరుపు రాదు, ఇనుము బయటపడుతుంది. కాడను పట్టుకుని తిప్పినప్పుడు కదిలితే భయం లేదు, కింది నట్టు బిగిస్తే సరిపోతుంది. మరలు అరిగిపోయి ఎంత తిప్పినా బిగుసుకోకపోతే మాత్రం కొత్త మరగొట్టం వెతుక్కోవాలి.

సామాను కోఠి ట్రూప్ బజార్‌లో ఒకే వీధిలో దొరుకుతుంది. మూడు తీగల గుండ్రటి ఫ్లెక్సిబుల్ వైరు రెండున్నర మీటర్లు, పిన్ను హోల్డరు, 6 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు, వైరు మధ్యలో పెట్టే స్విచ్, రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచుకు తొడిగే రింగు), రింగ్ లగ్ (తీగ చివర బిగించే, కన్నమున్న లోహపు బిళ్ల). అన్నీ కలిపి మూడు, నాలుగు వందలు. షాపులో అలవాటుగా 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇస్తారు. పాత మరగొట్టంలో అది ఇరుక్కుంటుంది. 0.5 అడగండి, ఎల్ఈడీ బల్బుకు అదే ఎక్కువ. రెండు తీగల వైరు మాత్రం వద్దు. ఒళ్లంతా లోహమైన ల్యాంపుకు ఎర్త్ లేకపోవడం పాత సరుకులో ఉన్న అసలు లోపం.

పీట పక్కనున్న కన్నానికి అంచులు కత్తిలా ఉంటాయి. ముందు ఆకురాయితో రుద్ది, గ్రోమెట్ తొడిగాకే వైరు దూర్చండి. వైరు మొనకు సన్నటి జీఐ తీగ కట్టి, కాస్త టాల్కం పౌడరు రాసి పైనుంచి లాగితే సులువుగా వస్తుంది. గ్రోమెట్‌కు లోపలి వైపు వైరు పైపొర మీద నైలాన్ టై బిగించాలి. ఎవరైనా వైరు తగిలి లాగినా ఆ లాగుడు హోల్డరు స్క్రూల దాకా పోదు.

పచ్చ-పసుపు తీగను, అంటే ఎర్త్‌ను, రింగ్ లగ్‌తో మరగొట్టం పై నట్టు కింద బిగించండి. ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. పాత ఇత్తడి మీద కంటికి కనబడని లక్క పూత ఉంటుంది, దాని గుండా కరెంటు పోదు. లగ్ ఆనే చోట, కాడ ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే అంచుల దగ్గర ఎమెరీ కాగితంతో గీకి లోహం బయటపెట్టాలి. ఎర్త్ తీగను మిగతా రెంటికన్నా అంగుళం పొడుగు ఉంచండి. ఎప్పుడైనా వైరు ఊడితే చివరగా ఊడాల్సింది అదే. స్విచ్‌లో తెగాల్సింది గోధుమ రంగు తీగ, అంటే కరెంటు వచ్చే ఫేజ్. నీలం (న్యూట్రల్) తెంపితే బల్బు ఆరుతుంది గానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది.

ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటరుతో ప్లగ్గు లావు పిన్ను (ఎర్త్) నుంచి ల్యాంపులోని ప్రతి ముక్కకూ చూడండి, ఒక ఓమ్ లోపు రావాలి. కాడలో ఒక్క ముక్క దగ్గర రీడింగ్ ఎగిరిందంటే అక్కడ లక్క మిగిలిందని అర్థం. ఆ తర్వాత హోల్డరులో బల్బు లేకుండా, ఫేజ్ లైనులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (ల్యాంపుకు పోయే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లేలా) పెట్టి స్విచ్ వేయండి. సిరీస్ బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉంది. ఇన్సులేషన్ సంగతి మల్టీమీటరు పూర్తిగా చెప్పలేదు, మోటారు వైండింగ్ షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉంటుంది, ఒక నిమిషం పని.

ఇక మెరుపు. తోముడంతా వైరింగుకు ముందే, ల్యాంపు విప్పి ఉండగానే కానివ్వండి. లక్క పోకుండా చింతపండు రుద్దితే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ముందు గాలి ఆడే చోట, మంటకు దూరంగా థిన్నర్‌తో లక్క తుడిచేసి, తర్వాత చింతపండు, ఉప్పు. రెండు మూడు నిమిషాలు చాలు. గంటలు నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగి పైన రాగి ఎర్రగా కనిపిస్తుంది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి, మూలల్లో ఉప్పు మిగిలితే వారంలో పచ్చని చిలుము పడుతుంది. చివర కారుకు రాసే మైనం పలచగా రాయండి. అద్దంలా మెరవాలని బఫింగ్ చక్రానికి ఇవ్వకండి, చెక్కుడు పని అరిగిపోతుంది.

తొమ్మిది వాట్ల ఎల్ఈడీకి గుడ్డ షేడ్ కూడా వేడెక్కదు. షేడ్‌కు మరో మూడు వందలు వేసుకోండి. మొత్తం పన్నెండు, పదమూడు వందల్లో తేలుతుంది. ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. ఇనుము మీద పూత వేసిన సరుకైతే ఒకటి.

ఇంట్లో ప్లగ్గు పాయింటుకే ఎర్త్ రాకపోతే ఈ ల్యాంపు జోలికి పోవద్దు, పై పనంతా దండగ. అదే సంతలో చెక్క కాడ ల్యాంపులూ దొరుకుతాయి. వాటికి ప్లాస్టిక్ హోల్డరు, కొత్త వైరు వేసి వాడుకోండి.