డెర్బీకి అద్దె గ్రౌండ్ చూస్తున్నారా? గడ్డి బాగుంది, గేటు మాత్రం ఒక్కటే

ఐదుకి మూడు స్టార్లు. అందులో రెండు గ్రౌండ్‌కి, ఒకటి అక్కడి గ్రౌండ్‌మ్యాన్‌కి. మేనేజ్‌మెంట్‌కి సున్నా. పేరు రాయడం లేదు, గచ్చిబౌలి దాటాక ఉన్న ప్రైవేటు గ్రౌండ్లలో ఒకటి, చిన్న గ్యాలరీ, ఫ్లడ్‌లైట్లు ఉంటాయి, అంతే. ఆఫీసు టోర్నమెంట్‌కో, వీకెండ్ లీగ్‌కో అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. డెర్బీకి, అంటే పక్కపక్కనే ఉన్న రెండు కాలేజీలు పంతం పట్టి ఆడే మ్యాచ్‌కి మాత్రం ఇదంతా చదివాకే అడ్వాన్స్ కట్టండి.

ముందు అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలి. మా కాలేజీ, వాళ్ల కాలేజీ రెండూ ఘట్‌కేసర్ వైపే. మధ్యలో ఒక చెరువు, నాలుగు హాస్టళ్లు, ఒక బజ్జీల బండి. ఏటా ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకసారి మా దగ్గర, ఒకసారి వాళ్ల దగ్గర జరిగేది. పోయినేడు మ్యాచ్ అయ్యాక బస్సు అద్దాలు పగిలాయి, ఎవరు పగలగొట్టారో ఇప్పటికీ తేలలేదు (తేలదు కూడా), దాంతో ప్రిన్సిపాళ్లిద్దరూ కూర్చుని ఇక మీ దగ్గరా వద్దు మా దగ్గరా వద్దు, న్యూట్రల్ గ్రౌండ్‌లో పెడదాం అనేశారు. అలా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న రెండు టీములు ఓఆర్ఆర్ ఎక్కి, టోల్ కట్టి, సిటీకి అవతలి కొసకి పోయి ఆడుకున్నాయి. ఎప్పుడూ గోడలెక్కి మరీ చూసే జనం. ఈసారి బస్సుల్లో సీట్లు దొరికినవాళ్లే వచ్చారు.

గ్రౌండ్ సంగతికొస్తే, టర్ఫ్ (కృత్రిమ గడ్డి) నిజంగా బాగుంది. బంతి సాఫీగా పోతుంది, గుంటలు లేవు, అతుకులు లేచిపోలేదు. నల్ల రబ్బరు గుండ్లు కొత్తగా పోసినట్టున్నారు, ఇంటికొచ్చి సాక్స్ దులిపితే గుప్పెడు రాలాయి. మెటల్ స్టడ్స్ ఉన్న బూట్లు రానివ్వరు, అది కరెక్టే, కానీ ఆ ముక్క బుకింగ్ రోజున చెప్పకుండా గేటు దగ్గర చెబితే ఎలా? మా గోల్‌కీపర్ వేరేవాడి బూట్లు తొడుక్కుని ఆడాడు, సైజు ఒకటి తక్కువ.

వెడల్పు మాత్రం యాభై మీటర్లకి కాస్త పైన. రూల్స్ ప్రకారం 45 మీటర్లున్నా చెల్లుతుంది కాబట్టి తప్పు పట్టలేం. కానీ మా ఆటంతా లెఫ్ట్ వింగర్ (ఎడమ అంచున ఆడేవాడు) లైన్ వెంబడి పరిగెత్తి గోల్ ముందుకి బంతి వేయడం మీదే ఉంటుంది, ఇక్కడ వాడు డిఫెండర్‌ని తప్పించి నాలుగడుగులు వేస్తే బంతి లైన్ బయట. వాళ్లేమో మధ్యలో గుంపుగా నిలబడి బంతి లాక్కునే రకం, పండగ చేసుకున్నారు. ఎవరి ఊళ్లోనూ లేనంత మాత్రాన గ్రౌండ్ ఇద్దరికీ సమానం అయిపోదు, కొలతలు కూడా చూసుకోవాలి.

అసలు కోపం గేటు మీద. జనం వచ్చేది, బస్సులు తిరిగేది, ప్లేయర్లు దిగేది అన్నీ ఒకే గేటు. ముందు వాళ్ల బస్సులొచ్చాయి, డప్పులతో సహా లోపలికి పోయి గ్యాలరీ మధ్యలో కూర్చున్నారు. మేం వెళ్లేసరికి ఒక బౌన్సర్ అడ్డం నిలబడి "డప్పులు అలౌడ్ లేదన్నా" అన్నాడు. లోపల తీన్‌మార్ మోగుతూనే ఉంది, అది చూపించి అడిగితే "వాళ్లు అప్పుడే వచ్చేశారు కదా" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం?

అమెరికాలో కూడా కాలేజీ ఫుట్‌బాల్‌లో (అది చేత్తో ఆడే ఫుట్‌బాల్ అనుకోండి) ఈ న్యూట్రల్ గ్రౌండ్ గొడవ ఉంది. టెక్సాస్, ఓక్లహోమా యూనివర్సిటీల మ్యాచ్ దశాబ్దాలుగా డాలస్‌లోని కాటన్ బౌల్‌లోనే ఆడతారు. రెండు ఊళ్ల నుంచీ దాదాపు 300 కిలోమీటర్లు, స్టాండ్స్‌లో సరిగ్గా సగం వీళ్లకి సగం వాళ్లకి, పక్కనే టెక్సాస్ స్టేట్ ఫెయిర్, అంటే అక్కడి నుమాయిష్. అది న్యూట్రల్ అంటే ఒప్పుకుంటా. అదే అలబామా, ఆబర్న్ యూనివర్సిటీల మ్యాచ్ అయితే 1948 నుంచి 1988 దాకా ఏటా బర్మింగ్‌హామ్‌లోనే జరిగింది, అలబామా తన సొంత మ్యాచ్‌లు కూడా కొన్ని అదే స్టేడియంలో ఆడేది, ఇదేం న్యూట్రల్ అని ఆబర్న్ వాళ్లు పట్టుబట్టి 1989లో మ్యాచ్‌ని తమ ఊరికి తెచ్చుకుని 30-20తో గెలిచారు. అంత దూరం ఎందుకు, 2024 డిసెంబరు 31న మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే బెంగాల్, కేరళ సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల మధ్య ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్ ఆడాయి, బెంగాల్ 1-0తో గెలిచింది. ఇద్దరూ దూరం నుంచి వచ్చినవాళ్లే, మన ఊరు ఎవరిదీ కాదు. మా కేసు అది కాదు, పక్కపక్క ఇళ్లవాళ్లం.

స్లాట్ గురించి తప్పకుండా రాయాలి. మూడు గంటలు కావాలని అడిగితే రెండున్నర ఇచ్చి, ఆలస్యమైతే అప్పుడు చూసుకుందాం అన్నారు. లెక్క వేసుకోండి: ఆట 90 నిమిషాలు, హాఫ్ టైమ్ 15, ఎక్స్‌ట్రా టైమ్ 30, వార్మప్ కూడా అందులోనే. 1-1 మీద ఎక్స్‌ట్రా టైమ్ అయ్యేసరికి తర్వాతి స్లాట్ ఐటీ కంపెనీ టీమ్ ఒకే రంగు జెర్సీలు వేసుకుని లైన్ పక్కన స్ట్రెచింగ్ మొదలుపెట్టింది. పెనాల్టీలకి మావాళ్లు వరసలో నిలబడగానే ఒకవైపు లైట్లు పోయాయి. ఆఫీసు నుంచి మేనేజర్ "టైమ్ అయిపోయింది సార్" అని మైకులో చెబుతున్నాడు. అప్పుడు గ్రౌండ్‌మ్యాన్, పాపం పెద్దాయన, ఎవర్నీ అడక్కుండా పోయి మేం ఆడుతున్న గోల్ వైపు లైట్లు వేసి స్విచ్ బోర్డు దగ్గరే నిలబడ్డాడు. ఆ స్టార్ ఆయనకే. గెలిచింది వాళ్లే, లైట్ల మీదికి నెపం నెట్టను, మా మూడోవాడు పట్టపగలు కొట్టినా బంతిని అలాగే ఆకాశానికి కొట్టేవాడు.

మిగతావి: బాత్రూములు శుభ్రం. బయటి నీళ్లు రానివ్వరు, లోపల బాటిల్ రేటు సినిమా హాల్లో లాగే ఉంది. పార్కింగ్‌లో కాలేజీ బస్సు తిప్పాలంటే డ్రైవర్‌కి చుక్కలు కనిపిస్తాయి.

వచ్చే ఏడు కూడా ఇక్కడే అంటున్నారట. నన్నడిగితే మ్యాచ్‌ని ఇంటికే తెచ్చుకుని, బయటి టీమ్ జనానికి వేరే గేటు పెట్టి, పోలీసులకి ముందే లెటర్ ఇస్తే చాలు, అది ఈ అద్దెలో సగం కూడా కాదు. కాదు, గ్రౌండ్ అద్దెకే తీసుకుంటాం అంటే రెండు గేట్లు, మూడు గంటలు, డప్పులు ఇద్దరికీ ఉంటాయా ఇద్దరికీ ఉండవా అన్నది కాగితం మీద రాయించుకుని డబ్బు కట్టండి. డిపాజిట్ సంగతి కూడా రాయించుకోండి. కుర్చీ విరగ్గొట్టారని మాకు అందులో కోత పెట్టారు. ఆ కుర్చీ మేం వెళ్లేసరికే తాడుతో కట్టి ఉంది, ఫొటో తీసి పెట్టుకున్నా. వాట్సాప్‌లో పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, డబ్బులు మాత్రం పడలేదు.