హ్యూస్టన్ రోడ్డా, డల్లాస్ రైలా: ఏది మేలు?

టెక్సాస్‌లో హ్యూస్టన్, డల్లాస్ రెండూ కారును నమ్ముకుని పెరిగిన నగరాలే. రద్దీ ముదిరాక హ్యూస్టన్ రోడ్డునే ఇంకా వెడల్పు చేసింది. డల్లాస్ రోడ్లతో పాటు పట్టాలూ వేసింది.

హ్యూస్టన్ నుంచి పడమరకు, కేటీ అనే శివారు ఊరి వైపు వెళ్లే ఐ-10 హైవేను కేటీ ఫ్రీవే అంటారు. సుమారు 280 కోట్ల డాలర్లతో 2008లో దాని విస్తరణ ముగిసింది. పక్క రోడ్లు, మధ్యలోని టోల్ లేన్లు కలిపి లెక్కిస్తే కొన్నిచోట్ల 26 లేన్లు! మొదట్లో ప్రయాణం తేలికైంది. రోడ్డు ఖాళీగా ఉందని దూరాన ఇళ్లు లేచాయి, ఆ ఇళ్ల కార్లన్నీ మళ్లీ ఈ రోడ్డే ఎక్కాయి. 2011-2014 మధ్య సాయంత్రపు రద్దీలో ప్రయాణ సమయం 55 శాతం పెరిగింది. నన్ను ఇంతకన్నా బాధించే సంగతి ఒకటుంది. ఈ విస్తరణకు పాత రైలుమార్గం స్థలాన్ని వాడుకున్నారు. నగరంలోకి నేరుగా వెళ్లే దారిలో పట్టాలు తీసేసి కాంక్రీటు పోశారు. 2004 నుంచి హ్యూస్టన్‌లో నడుస్తున్న రైలు కేటీ వైపు రాదు.

డల్లాస్ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపే ‘డార్ట్’ సంస్థకు 1983లో ఓటర్లు ఆమోదం తెలిపారు. సభ్య నగరాలు అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటు ఇస్తాయి. 1996లో మొదలైన లైట్ రైలు ఇప్పుడు 93 మైళ్లు. 2014లో విమానాశ్రయానికి చేరింది. 2025లో వచ్చిన సిల్వర్ లైన్ విమానాశ్రయం నుంచి కారల్టన్, యూటీ డల్లాస్ మీదుగా ప్లేనో వెళ్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలు ఎందరో! కొత్తగా దిగినవాళ్లు కారున్న స్నేహితుడి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మా నాన్నగారికి కారు నడపడం రాదు. కేటీలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎక్కడికి వెళ్లాలన్నా శనివారం దాకా ఆగేవారు. కారల్టన్‌లో మా ఇంటికి వచ్చాక ఒక్కరే రైలెక్కి డల్లాస్ నడిబొడ్డుకు వెళ్లి వచ్చారు. నా తూకంలో ఇది చిన్న విషయం కాదు.

రోడ్డు అనవసరమని నేను అనను. తుఫాను ముంచుకొస్తే హ్యూస్టన్ ఖాళీ అయ్యేది రోడ్ల మీదే, సరుకు లారీలకూ అవే ఆధారం. రైలుకూ లోపాలున్నాయి. చాలా స్టేషన్ల చుట్టూ పార్కింగ్ స్థలాలే తప్ప ఇళ్లు, కొట్లు లేవు. వేసవి ఎండలో మైలు దూరం నడవడం పెద్దవాళ్లకు సాధ్యమా? తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఫ్రిస్కో డార్ట్‌లో లేదు, అక్కడికి రైలూ లేదు.

అయినా తర్వాతి డాలరు దేనికంటే రైలుకే అంటాను, అంతకన్నా ముందు స్టేషన్‌కు పది నిమిషాలకొకటి వచ్చే బస్సుకు. కానీ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం పెట్రోలు పన్నులో మూడు వంతులు రోడ్లకు, ఒక వంతు బడులకు. ముందు మార్చవలసింది ఆ నిబంధననే.