చంబల్ మొసళ్లా, మన తీరం తాబేళ్లా?
వన్యప్రాణుల కోసం వాలంటీర్‌గా వెళ్తామనే మన నెల్లూరు కుర్రాళ్లు ముందు ఉత్తరాదిన ఉన్న చంబల్ నది పేరే చెబుతారు. అంతరించిపోయే అంచున ఉన్న ఘరియల్ మొసళ్లను పడవలోంచి లెక్కపెట్టడం మంచి అనుభవమే. కానీ రైలు ఖర్చు, సెలవులు, హిందీ అన్నీ కావాలి.

పెన్నా సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు తీరం మాత్రం ఇంటి పక్కనే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొస్తాయి. ఇసుకలో ట్రాక్టర్ చక్రం పోయినట్టు జాడ కనిపిస్తే, ఆ చుట్టుపక్కలే గుంట వెతకాలి. అందులో 100 దాకా గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా. పొర్లించారంటే లోపలి పిండం చచ్చిపోతుంది. అందుకే అటవీశాఖ వాళ్లు లేకుండా ముట్టుకోవద్దు. తెల్ల టార్చీ కూడా వద్దు, ఎర్ర లైటే.

నన్నడిగితే, మొదటి ఏడాది మన తీరానికే రండి.